సాల్స్‌బరీలో రాతి యోధుణ్ణి గీశాను

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు చూస్తూ పెరిగినదాన్ని. అక్కడ నల్లరాతి మీద అందమైన అక్షరాలే కానీ మనిషి రూపం కనిపించదు. అందుకే ఇంగ్లండ్ వచ్చాక సాల్స్‌బరీ కెథీడ్రల్‌లో విలియం లాంగెస్పే సమాధి చూసి కదల్లేకపోయాను. ఆయన ఇంగ్లండ్ రాజు జాన్‌కి సవతి సోదరుడు, 1226లో చనిపోయాడు. సమాధి మీద నిలువెత్తు రాతి మనిషిగా, కవచంతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

గీసుకోవడానికి అనుమతి అడిగితే ఇచ్చారు. పెన్సిల్ మాత్రమే వాడాలి, రాతిని ముట్టుకోకూడదు, జనం నడిచే దారికి అడ్డం ఉండకూడదు. టేపు పెట్టే వీల్లేదు కాబట్టి చెయ్యి చాచి పెన్సిల్‌తోనే కొలుచుకున్నాను. మనిషి ఆకారం, పొడవాటి డాలు తొందరగానే కుదిరాయి. డాలు మీద ఆరు సింహాలున్నాయి. పాత రంగు జాడలు కనిపించిన చోటల్లా ఏ రంగో పక్కన రాసుకున్నాను.

అసలు టెన్షన్ అంతా కవచంతోనే. ఇనుప రింగుల అల్లికని శిల్పి రాతిలో వరసలు వరసలుగా చెక్కాడు. దూరానికి అంతా ఒకేలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే దండలో మల్లెల్ని అటొకటి ఇటొకటి తిప్పి కట్టినట్టు, ఒక వరస రింగులు ఇటు తిరిగితే తర్వాతి వరస అటు తిరుగుతుంది. ఇది ఫొటోలో నా కంటికి ఆనలేదు. వరస వెంట వరస చేత్తో గీస్తుంటేనే తెలిసింది. వెలుతురు పక్కనుంచి పడే వేళ చూసుకుని కూర్చునేదాన్ని, నీడ ఉంటేనే చెక్కుడు లోతు తెలుస్తుంది.

ఈ పనిలో నాకు గురువు చార్లెస్ స్టొథార్డ్. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ చర్చిలెన్నో తిరిగి ఇలాంటి శిల్పాల్ని రంగు జాడలతో సహా గీశాడు, లాంగెస్పేని కూడా. 1821లో డెవన్‌లోని ఒక చర్చిలో కిటికీ అద్దం మీది బొమ్మని నకలు తీసుకుంటూ నిచ్చెన మీదనుంచి పడి చనిపోయాడు. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లే. 1941లో లండన్ టెంపుల్ చర్చి మీద బాంబులు పడి, కప్పు కాలి కూలినప్పుడు అక్కడి యోధుల శిల్పాలు బాగా దెబ్బతిన్నాయి. అంతకుముందు అవెలా ఉండేవో చూడటానికి ఆయన బొమ్మలు పనికొస్తాయి.

ఇప్పుడు ఆ టెంపుల్ చర్చికి అనుమతి కోసం రాశాను. ఆ కాలంలో పేరుమోసిన యోధుడు విలియం మార్షల్‌దని చెప్పే శిల్పాన్ని, ఆ మంటలు మిగిల్చిన దెబ్బలతో సహా గీయాలి.