క.సా.గు. లెక్కల్లో మొదటి కలయిక సంగతి

రైల్వే పరీక్షలకి చదువుతున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి మిత్రులకి ఒక్క టాపిక్ గురించి చెప్పాలనుంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఇచ్చిన సంఖ్యలన్నిటితో పోయే అతి చిన్న సంఖ్య)లో వచ్చే "మళ్లీ ఎప్పుడు కలుస్తాయి" లెక్కలు. నేను వైజాగ్ కోచింగ్‌కి వెళ్లకుండా రాయగడలో ఇంట్లోనే చదువుకున్నాను. దీని మీద పెట్టిన టైమ్ నాకు బాగా కలిసొచ్చింది.

మామూలు మోడల్ తేలికే. మూడు సిగ్నళ్లు 48, 72, 108 సెకన్లకోసారి మారతాయి, 8:20కి మూడూ ఒకేసారి మారాయి, మళ్లీ ఎప్పుడు? పెద్ద సంఖ్య ఎక్కం పట్టుకోండి: 108, 216, 324, 432. మిగతా రెండూ 432లోనే పోతాయి. అంటే 7 నిమిషాల 12 సెకన్ల తర్వాత.

6, 8, 12 నిమిషాలకోసారి మోగే బెల్స్ ఇప్పుడు కలిసి మోగాయి, 120 నిమిషాల్లో ఎన్నిసార్లు కలుస్తాయి అంటే 120ని వాటి క.సా.గు. 24తో భాగిస్తే 5. మొదటిసారి మోగినదీ కలిపితే 6. ఆప్షన్లలో రెండూ ఉంటాయి. తప్పు జవాబుకి 1/3 మార్కు పోతుంది కాబట్టి "ఆ తర్వాత" అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

అసలు కష్టం రెండూ ఒకే రోజు మొదలవనప్పుడే. మన రాయగడ జిల్లా చాటికోన సంతే తీసుకుందాం, అది బుధవారం. ఒకాయనకి ఈ సోమవారం డ్యూటీ పడింది, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య 3 రోజులు ఖాళీ. అంటే 4 రోజులకోసారి. సంత రోజునే డ్యూటీ ఎప్పుడు పడుతుంది? చాలామంది 4, 7ల క.సా.గు. 28 అని టిక్ పెట్టేస్తారు. సంత ఆ సోమవారం నుంచి 2, 9, 16 రోజుల్లో వస్తుంది. వీటిలో 4తో పోయేది 16. జవాబు 16 రోజులు. ఆ తర్వాత మాత్రం 28 రోజులకోసారి, అంటే 44వ రోజు. క.సా.గు. ఒక కలయికకీ ఇంకో కలయికకీ మధ్య దూరమే చెబుతుంది, మొదటిది ఎప్పుడో మనమే వెతుక్కోవాలి. ఇది అర్థమయ్యాక నాకు ఈ లెక్కలంటే టెన్షన్ పోయింది.

ఒక్కోసారి అసలు కలవవు కూడా. 4 రోజులకోసారి ఒకటి, మర్నాడు మొదలై 6 రోజులకోసారి ఇంకొకటి అనుకోండి. మొదటిది మొదలైన రోజుని 0 అని లెక్కపెడితే, అది ఎప్పుడూ సరి సంఖ్య రోజున, రెండోది బేసి రోజున పడుతుంది. మొదలైన రోజుల తేడా 4, 6ల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెంటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) అయిన 2తో పోతేనే కలుస్తాయి. తేడా 2 రోజులు పెట్టి మీరే రాసి చూడండి, 8వ రోజు కలుస్తాయి, తర్వాత 20వ రోజు.