గేదెలే ట్రాఫిక్

మా కోనసీమలో సైకిలుకి ఎత్తు అంటే కాలవ మీద వంతెనే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లు పారే కాలవల గట్లే నా సైకిల్ దారులు. పొద్దున్నే కొబ్బరితోటల వెంట వెళ్తుంటే లారీ హారన్లు వినిపించవు, గేదెలే ట్రాఫిక్.

ఇటలీలో కియాంతి కొండల్లోని తెల్ల కంకర రోడ్ల మీద 1997 నుంచి ‘ఎరోయికా’ అనే సైకిల్ యాత్ర జరుగుతోంది. ఆ రోడ్లని తారు వేసేయకుండా కాపాడుకోవాలనే మొదలుపెట్టారు. 1987కి ముందు నాటి రేసు సైకిళ్లు, లేదా ఆ తీరులో చేసినవే తేవాలి. మా నాన్నగారి అట్లాస్ వయసులో పాసే. ఆ ఎత్తులెక్కడం మాత్రం దాని వల్ల కాదు, నా వల్ల అసలే కాదు.

మా గట్టుకీ సిమెంటు రోడ్డు వేస్తే బాగుండునని ఊళ్లో అంటున్నారు. వానాకాలం బురద సంగతి నిజమే. కానీ నా టెన్షన్ నాది: సిమెంటు పడితే కార్లొస్తాయి.