సున్నా గంట దగ్గర 0.74

ఎం.ఫార్మసీ రెండో ఏడాదిలో మా సార్ ఇచ్చిన పని వినడానికి చాలా చిన్నది. ఒక మనిషి ఒకే ఒక్కసారి మందు మింగాక తీసిన రక్తం శాంపిళ్ల అంకెలున్నాయి. అదే మందు పన్నెండు గంటలకోసారి వేసుకుంటూ పోతే రక్తంలో ఎంత పోగుపడుతుందో చెప్పాలి. "ఎక్సెల్ చాలమ్మా, పెద్ద సాఫ్ట్‌వేర్ల జోలికి పోకు" అన్నారు.

మందు థియోఫిలిన్, ఆస్తమాకు వాడేది. స్టాటిస్టిక్స్ వాళ్లు వాడే 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే డేటా అది. పన్నెండు మంది, ఒక్కొక్కరికి పదకొండు శాంపిళ్లు. మొదటి మనిషి బరువు 79.6 కిలోలు, డోసు కిలోకు 4.02 మి.గ్రా., అంటే దాదాపు 320 మి.గ్రా. 1.12 గంటలకు లీటరుకు 10.50 మి.గ్రా. దాకా ఎక్కి, 24.37 గంటలకు 3.28కి దిగింది.

పద్ధతి పేరు సూపర్‌పొజిషన్. ప్రతి డోసూ తన ముందు పడ్డ డోసుల సంగతే తెలియనట్టు ప్రవర్తిస్తుందనుకుంటాం. అందుకని మొదటి డోసు కాలమ్‌నే కాపీ చేసి, పన్నెండు గంటలు కిందికి జరిపి అతికించి, అడ్డంగా కూడుకుంటూ పోవడమే. శాంపిల్ టైములు సరిగ్గా కలవవు కాబట్టి మధ్య విలువలు మనమే వేసుకోవాలి. మందు దిగే దశలో గీత తిన్నగా రాదు, విలువల లాగరిథమ్ (లాగ్) తీసి వేయాలి. అదొక్కటీ పుస్తకం చూసి సరిగ్గానే చేశాను.

గంటలో అయిపోయింది. పీక్, అంటే రక్తంలో అన్నిటికంటే ఎక్కువ విలువ, 16.2. థియోఫిలిన్ రక్తంలో ఎంత ఉండాలో ఎన్నాళ్ల నుంచో చెప్పే హద్దు 10 నుంచి 20. భలే కుదిరిందనుకుని గ్రాఫ్‌కు రంగులు కూడా వేసి తీసుకెళ్లాను.

సార్ గ్రాఫ్ మీద వేలు పెట్టారు. "రెండో డోసుకూ పదో డోసుకూ తేడా లేదేంటమ్మా? ఇంత నెమ్మదిగా దిగే మందు రెండో డోసుకే నిలకడకొచ్చేస్తుందా?"

అప్పుడు వెలిగింది. 24.37 తర్వాత నా కాలమ్‌లో అంతా ఖాళీ. ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా కూడుకుంటూ పోయింది. అంటే ఒక రోజు దాటగానే ఒంట్లో ఉన్న మందంతా మాయమైపోయినట్టు!

మళ్లీ కూర్చున్నాను. చివరి మూడు పాయింట్ల లాగ్ విలువల మీద గీత గీస్తే వాలు గంటకు 0.0485, హాఫ్‌లైఫ్, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, 14.3 గంటలు. ఆ వాలుతోనే 24.37 తర్వాతి భాగాన్ని, అంటే గ్రాఫ్ తోకను, ముందుకు పొడిగించాను. ఈసారి గ్రాఫ్ మెట్టు మెట్టుగా ఎక్కి మూడు రోజులకు గానీ నిలవలేదు. పీక్ 23.3, తర్వాతి డోసుకు ముందు కనిష్ఠం 13.5. హద్దు దాటేసింది. ఒక తోక మర్చిపోతే విషమయ్యే మోతాదు కూడా సేఫ్‌గా కనిపిస్తుందన్నమాట. నిజం చెప్పాలంటే కొంచెం భయమేసింది.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. ఒక్క డోసు గ్రాఫ్ కింద మొత్తం వైశాల్యం, నిలకడకొచ్చాక ఒక విరామంలో వచ్చే వైశాల్యంతో సమానం. నాకు 216.5 వచ్చింది, 12తో భాగిస్తే సగటు 18. కనిష్ఠానికీ పీక్‌కూ మధ్యే ఉంది, బాగానే ఉంది. కానీ ఆ 216.5లో 67 పైచిలుకు చివరి శాంపిల్ తర్వాతిదే. కొలవని భాగం మూడో వంతుకు కాస్తే తక్కువ! ఇరవై శాతం దాటితేనే అనుమానంగా చూడమంటారు.

ఇక అయిపోయిందనుకుంటే సార్ మొదటి వరుస చూపించారు. "మందు వేయకముందే 0.74 ఎక్కడిది?"

నేను చూడనే లేదు. పన్నెండు మందిలో ముగ్గురికి సున్నా గంట దగ్గర సున్నా లేదు. అది ఎక్కడిదైనా కానీ, ఈ డోసు తెచ్చింది మాత్రం కాదు. నేనేమో కాలమ్ అతికించిన ప్రతిసారీ ఆ 0.74ను కొత్త డోసుతో పాటు మళ్లీ పోస్తున్నాను. పాత మందు మిగులే అనుకుని, అదే వాలుతో కరిగిపోతుందని లెక్కగట్టి ప్రతి విలువ నుంచీ తీసేశాను. పీక్ 21.7కు వచ్చింది. ముప్పావు మిల్లీగ్రాము కూడా లేని అంకె చివరికి ఒకటిన్నర పైగా మార్చింది.

సార్‌కు అంతటితో తృప్తి లేదు. "ఇదే షీట్‌లో కార్బమజెపైన్ వేసి చూడు" అన్నారు. ఆ మూర్ఛ మందు తనను విరగ్గొట్టే లివర్ ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదట్లో 25 నుంచి 65 గంటలుండే హాఫ్‌లైఫ్, కొన్ని వారాలు వాడాక 12 నుంచి 17కు పడిపోతుంది. అక్కడ ఒక డోసుకు ముందు డోసుల సంగతి తెలుసు. నా షీట్ చెప్పిన అంకె నిజానికంటే చాలా ఎక్కువొచ్చింది, ఫార్ములాలో తప్పేమీ లేకుండానే.

ఆ ఫైల్ ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి వరుసకు పసుపు రంగు, 24.37 గడికి ఎరుపు.