బాయి ఈతతో బాలి సముద్రంలోకి

మా ఊరు పర్వతగిరి దగ్గర. చిన్నప్పుడు బాపు నా వీపుకు అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా కట్టి మా వ్యవసాయ బాయిలోకి నెట్టాడు. నాలుగో రోజుకు డబ్బా విప్పేశాడు. ఇక ఎండాకాలం సెలవులన్నీ ఆ గడ్డ మీంచి దుంకుడే. అందుకే బామ్మర్ది బెంగళూరు నుంచి ఫోన్ చేసి "బావా, బాలి పోదాం, సర్ఫింగ్ నేర్చుకుందాం" అన్నప్పుడు ఈత గురించి నాకు ఏ టెన్షనూ లేదు. సర్ఫింగంటే పొడుగాటి బోర్డు మీద నిలబడి అలతో పాటు ఒడ్డుకు జారుకుంటూ రావడం. హనుమకొండలో ఉండే మాకు సముద్రమంటే బాపట్ల దగ్గరి సూర్యలంకే. అక్కడ కూడా మోకాళ్లు దాటి దిగింది లేదు, ఆ సంగతి మాత్రం అప్పుడు గుర్తుకు రాలేదు.

బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం ఉంది. వీసా అక్కడ దిగాక తీసుకున్నాం, 5 లక్షల రూపియా. రూపియా అంటే ఇండోనేషియా డబ్బు, బాలి ఆ దేశానిదే. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులకు పెట్టిన లక్షన్నర రూపియా పన్ను ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాం. "వీసాకే అయిదు లక్షలా!" అని మా ఆవిడ గుండె పట్టుకుంది. మన లెక్కన మూడు వేల లోపే అని చెప్పినా నమ్మలేదు, కాలిక్యులేటర్ తీసి చూపించాల్సి వచ్చింది.

పోయింది జులైలో. ఇక్కడ నాట్లు పడే టైంకి అక్కడ వానలుండవు. కూటా బీచ్ పడమటి వైపు ఉంటుంది, అడుగున రాళ్లు లేని మెత్తటి ఇసుక, అందుకే కొత్తవాళ్లంతా అక్కడే నేర్చుకుంటారు. పక్కనే ఎయిర్‌పోర్టు రన్‌వే సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, విమానాలు నీళ్ల మీద దిగుతున్నాయా అనిపిస్తుంది.

క్లాసు మరునాడు. నేను ఆగితేనా? సాయంత్రమే నిక్కరుతో దిగాను. లైఫ్‌గార్డ్‌లు కాపలా కాసే ఎరుపు-పసుపు జెండాల మధ్య జనం బాగా ఉన్నారు, అలలు మొహం మీద కొడుతున్నాయి. కాస్త అవతల ఒక పట్టీలో అలలే విరగడం లేదు, నీళ్లు మా బాయిలాగా నిమ్మళంగా ఉన్నాయి. ఇదే మంచి జాగ అనుకుని అక్కడికి పోయాను. నడుము లోతే. రెండు నిమిషాల తర్వాత చూస్తే బామ్మర్ది అగ్గిపుల్లంత కనబడుతున్నాడు. ఒడ్డు వైపు ఈదాను. బలమంతా పెట్టి ఈదాను. ఒడ్డు దగ్గరికి రాదే! బాయిలో నాలుగు చేతులేస్తే మెట్టు అందుతుంది, ఇక్కడ ఎన్ని వేసినా అక్కడే ఉన్నాను. నోట్లో ఉప్పు, గుండె దడ.

ఒడ్డు మీంచి విజిల్ వినబడింది. లైఫ్‌గార్డ్ రెండు చేతులూ పక్కకు ఊపుతున్నాడు. ముందుకు కాదు, పక్కకు ఈదమని. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈదేసరికి అలలు విరిగే చోటికి వచ్చాను, అవే నన్ను తోసుకొచ్చి ఇసుకలో పడేశాయి. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు తిరిగి పోవడానికి ఒక దారి చూసుకుంటాయట, నేను సరిగ్గా ఆ దారిలోనే దిగాను. అల విరగని చోటు చూసి మురిసిపోవద్దని లైఫ్‌గార్డ్ ఇంగ్లిష్‌లో, సగం సైగలతో చెప్పాడు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

మరునాడు సర్ఫింగ్ నేర్పే కుర్రాడు బోర్డుల పక్కన కొబ్బరాకుతో అల్లిన చిన్న దొన్నె పెట్టాడు, అందులో పూలు, వెలిగించిన అగరుబత్తి. మనం దుకాణం తీయగానే ఊదుబత్తి వెలిగించినట్టు. తర్వాత నన్ను నిలబడమని వెనక నుంచి ఉన్నట్టుండి తోశాడు! కొడదామన్నంత కోపం వచ్చింది. తూలినప్పుడు ఏ కాలు ముందుకు పడిందో చూశాడంతే, బోర్డు మీద ఆ కాలే ముందుండాలి. వెనక కాలి చీలమండకు బోర్డు తాడు కట్టాడు. ఇసుకలో పడుకుని లేచుడు, పడుకుని లేచుడు, అరగంట. పడితే తల ముందు పెట్టి దుంకొద్దు, వెల్లకిలా పడు, పైకి వచ్చేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకో అన్నాడు. బాయిలో తలకిందులుగా దుంకిన నాకు ఇది అలవాటు కావడమే కష్టమైంది.

నీళ్లలో పన్నెండు సార్లు పడ్డాను. బోర్డు రాసుకుని మోకాళ్లు మండుతున్నాయి. నేను కిందికి, కాళ్ల వైపు చూస్తున్నానని కుర్రాడు గడ్డం పట్టుకుని ఒడ్డు వైపు తిప్పాడు. పదమూడోసారి వెనక నుంచి నురగ తోసింది, లేచాను, ఒడ్డున ఉన్న గొడుగులు నా వైపు రావడం మొదలుపెట్టాయి. మూడు నాలుగు సెకన్లు ఉంటుందేమో. బామ్మర్ది వీడియో తీయడం మరిచిపోయాడు.

రాత్రి బాపుకు ఫోన్ చేసి కొట్టుకుపోబోయిన సంగతి కూడా చెప్పాను.

"ఎంత లోతున్నదిరా?"

"నడుము లోతు, బాపూ."

"గంతేనా!" అని అవ్వకు వినబడేటట్టు నవ్వాడు.