పటోంగ్ నుంచి కో యావ్ నోయ్‌కు

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో, పటోంగ్ తీరంలో రెండు రాత్రులు గడిపేసరికి, బంగ్లా రోడ్డులో అర్ధరాత్రి దాటినా ఆగని హోరుకు మనసు అలసిపోయి, మూడవ నాటి ఉదయమే తూర్పు తీరంలోని బాంగ్ రోంగ్ రేవుకు వెళ్లి స్పీడ్‌బోటు ఎక్కాను. ఫాంగ్ న్గా అఖాతంలో, ఫుకెట్‌కూ క్రాబీకీ నడుమనున్న కో యావ్ నోయ్ దీవికి దాదాపు అరగంటలో చేరుకున్నాము.

అక్కడి ప్రజలలో అధికులు ముస్లింలు. చేపల వేట, రబ్బరు తోటలు, కొద్దిపాటి వరి సాగు వారి జీవనాధారాలు. రబ్బరు పాలను గడ్డకట్టించి, పలుచని పలకలుగా ఒత్తి, ఇళ్ల ముందు కర్రలపై ఆరవేసిన తీరు చూస్తూ నేను చాలాసేపు నిలబడిపోయాను.

పాటు వేళ సముద్రం దూరంగా జరిగి బురద బయటపడుతుంది కనుక ఈతకు అన్ని వేళలూ అనుకూలం కాదు. అయినా జనసందోహాన్ని దూరంగా ఉంచినది ఆ బురదేనేమోనని నాకు అనిపించింది. సాయంత్రం తూర్పు ఒడ్డున కూర్చుంటే, నీటిలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు ఒక్కొక్కటిగా నీలిరంగులో కలిసిపోయాయి.