తవాంగ్‌లో తోర్గ్యా

జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ వెళ్తున్నామంటే ఇంట్లో ఒక్కరూ మెచ్చుకోలేదు. "అంత చలిలో కొండలెక్కడం ఎందుకు? వేసవి సెలవుల్లో వెళ్ళరాదూ?" అన్నారు. వేసవిలో తోర్గ్యా ఉండదు మరి. అక్కడి మొన్పా తెగవాళ్ళ పంచాంగంలో పదకొండో నెల 28 నుంచి 30 వరకు మూడు రోజులు జరిగే పండుగ అది. మన లెక్కలో సాధారణంగా జనవరిలో వస్తుంది. తోడుగా బావ బయల్దేరాడు, రెండు స్వెట్టర్లు, సీసాడు ఆవకాయతో.

గౌహతి నుంచి తేజ్‌పూర్ మీదుగా భాలుక్‌పోంగ్ చేరితే అరుణాచల్ సరిహద్దు. అక్కడ ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాలవాళ్ళు లోపలికి వెళ్ళడానికి తీసుకునే అనుమతి పత్రం, చూపించాలి. రాత్రికి దిరాంగ్‌లో ఆగి, తెల్లవారాక మళ్ళీ ఎక్కుడు. సేలా కనుమ ఎత్తు 13,700 అడుగులు. ఒకప్పుడు మంచు గట్టిగా పడితే తవాంగ్ దారి అక్కడే మూతపడేది. 2024 మార్చిలో సొరంగం తెరిచాక ఆ బాధ చాలావరకు తీరింది. "కనుమ చూడకుండా సొరంగంలో దూరిపోవడమేమిటి" అని బావ గొణిగాడు. "పైన రోడ్డంతా గడ్డకట్టి ఉంది సాబ్, కనుమ చూడాలంటే మే నెలలో రండి" అన్నాడు డ్రైవరు, నవ్వకుండా. సొరంగం దాటాక జస్వంత్‌గఢ్. 1962 యుద్ధంలో చైనా సైన్యాన్ని ఎదిరించి ప్రాణాలర్పించిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ స్మారకం అది. దారిన పోయేవాళ్ళందరికీ జవాన్లు వేడి టీ ఇస్తున్నారు. వేళ్ళకు మళ్ళీ స్పర్శ వచ్చింది ఆ గ్లాసు పట్టుకున్నాకే.

తవాంగ్ ఊరు పదివేల అడుగుల ఎత్తున ఉంటుంది. పండుగ జరిగే బౌద్ధారామం ఊరికి పైన, కొండ అంచున. 1680-81 ప్రాంతంలో అయిదవ దలైలామా కోరిక మీద మెరాగ్ లామా దీన్ని కట్టించాడు. కోటగోడ లాంటి ప్రాకారం, లోపల సన్యాసుల ఇళ్ళు, ఇరుకు సందులు, మధ్యలో దుఖాంగ్ అనే ప్రధాన మందిరం, అందులో ఎనిమిది మీటర్ల ఎత్తున బంగారుపూత బుద్ధవిగ్రహం. పండుగ జరిగేది దుఖాంగ్ ముందున్న రాతిపలకల ముంగిట్లో.

బౌద్ధారామం అంటే నిశ్శబ్దం, ధ్యానం, అరమోడ్పు కళ్ళు అనుకుంటాం. ఆ ఉదయం అక్కడ మా చెవులు గింగుర్లెత్తాయి. ఇద్దరు మనుషుల పొడవున్న ఇత్తడి బాకాలు ఒక్కసారిగా మోగితే ఆ మోత చెవికంటే ముందు పొట్టలో తగులుతుంది. తాళాలు, డోళ్ళు, పిల్లల ఏడుపులు, అమ్మమ్మల కేకలు. "ఇది మన ఊరి జాతరే" అన్నాడు బావ. నిజమే, జీళ్ళు, రంగులరాట్నం మాత్రం లేవు.

పండుగ ఉద్దేశం కూడా శాంతంగా ధ్యానం చేసుకోవడం కాదు. ఏడాదిలో చేరిన కీడును ఊళ్ళోంచి తరిమేయాలి, విపత్తులు రాకూడదు, పంటలు పండాలి. అందుకే లామాలు కొయ్య ముఖాలు తగిలించుకుని ఆడే ఛామ్ నృత్యాల్లో అన్ని భయంకరమైన ముఖాలు. దుప్పి, పంది, పుర్రెలు, కోరల దేవతలు, శిరస్త్రాణాలు పెట్టుకుని కత్తులు దూసిన యోధులు. మేము నిలబడిన మూల నర్తకులు బయటికొచ్చే ద్వారం పక్కనే కావడం అదృష్టం. దుప్పి వేషం వేసే కుర్రాడికి పదేళ్ళ చిన్న లామా ఒకడు తలచుట్టూ గుడ్డ దట్టంగా చుట్టి, ఆపైన కొయ్య ముఖాన్ని దించి, గడ్డం కింద తాళ్ళు బిగించాడు. ముఖానికి గుడ్లురిమే కళ్ళున్నాయి గాని వాటిలోంచి కనిపించదు. నర్తకుడు చూసేది నోటి సందులోంచి. అంత బరువు నెత్తిన పెట్టుకుని, కాళ్ళకింద ఏముందో సగమే కనిపిస్తుండగా, ఒంటికాలి మీద గిర్రున తిరుగుతాడు. ఒక విడత అయ్యాక లోపలికొచ్చి ముఖం తీస్తే ఆ చలిలో కుర్రాడి జుట్టులోంచి ఆవిరి లేస్తోంది.

చూడటానికి వచ్చిన మొన్పాలు పొద్దున్నే చాపలు, ఫ్లాస్కులు, పిల్లలతో దిగిపోయారు. ఆడవాళ్ళు ఎర్ర పట్టుబట్టల్లో, కొందరు పెద్దవాళ్ళు యాక్ వెంట్రుకల టోపీల్లో. ఆ టోపీకి చుట్టూ తోకల్లాంటి కుచ్చులు వేలాడుతుంటాయి, వాననీరు ముఖం మీద పడకుండా వాటి వెంట జారిపోతుంది. ఇంత జనం మధ్యలో ఇబ్బంది పెట్టింది కెమెరాల వాళ్ళే. నృత్యానికి అడ్డంగా మోకాళ్ళ మీద కూర్చుని, వెనక ముసలమ్మకు ఏమీ కనిపించకుండా చేసిన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు కాదు. ఆ ముసలమ్మ మాకు ఉప్పు, వెన్న వేసిన టీ పోసింది. టీ అనుకుని తాగితే మింగుడుపడదు. చారు అనుకుంటే రెండో గ్లాసు కూడా అడుగుతాం.

తోర్గ్యా అంటే అసలు ఒక పిండిబొమ్మ. పద్నాలుగు మంది లామాలు బార్లీ పిండి, నెయ్యి, పాలు, బెల్లంతో రోజుల తరబడి శ్రద్ధగా చేస్తారు. మందిరంలో దాని ముందు మంత్రపఠనం సాగుతుంది. సాయంత్రం దాన్ని ఊరేగింపుగా తీసుకొచ్చి, ఎండు వెదురాకులతో పేర్చిన మంటలో పడేస్తారు. అక్కడ జనవరిలో నాలుగున్నర దాటితే చీకటే. మంట ఒక్కసారిగా లేచేసరికి ముందువరసలో ఉన్నవాళ్ళం వెనక్కి పరుగెత్తాం. అంత పనితనమున్న బొమ్మ క్షణాల్లో పోయిందే అని నేను దిగులుపడుతుంటే, చేసిన లామాలు మాత్రం పని తెమిలినట్టు చేతులు దులుపుకుని నవ్వుకుంటున్నారు.

రెండోరోజు మధ్యాహ్నం ఒక పెద్ద లామా పక్కన చోటు దొరికింది. ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగాడు. ఆంధ్ర అనగానే, "అమరావతి!" అన్నాడు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ తాంత్రిక దీక్ష ఇచ్చినప్పుడు వచ్చాడట. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే, అంటే అమరావతిలోనే అని టిబెటన్ సంప్రదాయం నమ్మకం. తవాంగ్ ఆరామం ఒకప్పుడు ల్హాసాలోని డ్రెపుంగ్ విహారానికి అనుబంధం. ఆ డ్రెపుంగ్‌కు పేరు వచ్చింది కూడా మన ధాన్యకటకం నుంచే. స్తూపం ఇప్పుడెలా ఉందని అడిగాడాయన. అమరావతికి గంట దూరంలో పుట్టి పెరిగిన బావ అటు తిరిగి దుప్పి నృత్యాన్ని మహా ఆసక్తిగా చూడసాగాడు. నేనే ఏదో చెప్పాను. "జనవరిలో కూడా ఎంత వేడి మీకు! కృష్ణలో దిగి కూర్చోవాలనిపించింది" అన్నాడు లామా.

మూడోరోజు ప్రధాన లామా ఆశీర్వచనం. వరస ప్రాకారం దాకా సాగింది. కట్టుకోవడానికి దారం, మింగడానికి ఆయుష్షు పెంచే చిన్న మాత్రలు ఇస్తారు. "షుగరున్నవాళ్ళు వేసుకోవచ్చా?" అని బావ వెనక్కి తిరిగి నన్నడిగాడు. ముందున్న కుటుంబం వాళ్ళు ఇంట్లో మంచం పట్టిన తాతకోసం ఇంకో రెండు అడిగి పుచ్చుకుని, జాగ్రత్తగా కాగితంలో మడిచారు.

మూడేళ్ళకోసారి ఇదే పండుగను దుంగ్యుర్ అని మరింత పెద్దగా చేస్తారు. మేము వెళ్ళిన ఏడాది అది కాదు. కుదిరినవాళ్ళు ఆ ఏడాది చూసుకుని వెళ్ళండి. గది ముందే మాట్లాడుకోండి, వేడినీళ్ళ బకెట్టుకు విడిగా డబ్బులడుగుతారా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.