బాబు ఒంట్లో నీరు

ఏడో నెలలో నా కాళ్లకు నీరు పట్టింది. కడుపుతో ఉన్నప్పుడు మామూలే కదా అనుకున్నాం. బీపీ 170 దాటాక ఆగే వీల్లేదని 30వ వారంలోనే ఆపరేషన్ చేశారు. బాబు బరువు 1,240 గ్రాములు.

నేను వార్డులో, వాడు పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్ఐసీయూలో. మా ఆయన పొద్దున్నే వెళ్లి బరువెంతో కనుక్కుని వచ్చేవారు. రోజూ తగ్గుతోంది. 1,120కి వచ్చేసరికి మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ట్యూబులో చుక్కచుక్కగా పాలు పోస్తున్నారు, ఉన్నది కూడా తరిగిపోతుంటే ఎవరికైనా టెన్షనే.

నెలలు నిండని బిడ్డ ఒంట్లో 80 శాతానికి పైగా నీరేనట. పుట్టాక అందులో అదనపు నీరు మూత్రంగా, పల్చటి చర్మం మీంచి ఆవిరిగా పోవాలి. అది పోకుండా ఎక్కువైతే ఊపిరి కష్టమవుతుంది, గుండె దగ్గర మూసుకోవాల్సిన నాళం తెరిచే ఉండిపోవచ్చు. మరీ ఎక్కువ పోతే రక్తంలో సోడియం పెరుగుతుంది. అందుకే సిస్టర్లు వాడి డైపర్లు కూడా తూచి రాసుకునేవారు.

అక్కడే, ఒంట్లో నీరెంతో కొలిచే ఒక పరిశోధనకు సంతకం అడిగారు. బాబు ఒంట్లోకి కరెంటు పంపిస్తాం అనగానే మా ఆయన పెన్ను కింద పెట్టేశారు! డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. చేతికీ కాలికీ రెండేసి స్టిక్కర్లు అంటిస్తారు. మిల్లీయాంపియర్ కన్నా తక్కువ కరెంటు, బిడ్డకు తెలియను కూడా తెలియదు. లవణాలున్న నీటిలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో అంతగా పారదు. కరెంటుకు అడ్డు తక్కువగా ఉందంటే నీరు ఎక్కువన్నమాట. తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు కణాల పొర దాటలేక బయటి నీటిలోనే తిరుగుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీది లోపలికీ వెళ్తుంది. రెండూ పోల్చి లోపలి నీరెంత, బయటి నీరెంత అని అంచనా వేస్తారు. బరువు మిషన్‌కు ఈ తేడా తెలియదు.

వాడు కాలు ఆడించినా, స్టిక్కర్ కాస్త జరిగినా అంకె మారిపోయేది. నిద్రపోయేదాకా కాచుకుని చూసేవారు. ఈ అంకెను నమ్మి సెలైన్ మార్చం, బరువు, మూత్రం, రక్తపరీక్ష చూసే నిర్ణయిస్తాం అని ముందే చెప్పేశారు. ఆ మాటకే నాకు ధైర్యం వచ్చింది.

అడ్డు రోజురోజుకీ పెరిగింది. పోతున్నది నీరే అని అర్థమయ్యాక అమ్మ కుదుటపడింది. నా వాపూ ఆ వారంలోనే దిగింది, రాత్రంతా బాత్రూముకు తిరగడమే పని. తర్వాత గుండెల మీద పడుకోబెట్టుకుని కంగారూ కేర్ ఇచ్చాను, వాడి బరువు నెమ్మదిగా పెరగసాగింది.

డిశ్చార్జి నాటికి 1,800 దాటాడు. ఇక వారానికోసారి తూస్తే చాలన్నారు. మా అత్తయ్య మాత్రం వినరు.